కబాడీ బండి మీద ఫౌలాద్

ఉర్దూ మీడియం బడిలో నేను నేర్చుకున్న మాట ఫౌలాద్. తెలుగు డిగ్రీకి వచ్చాక అదే ఉక్కయింది. కురాన్ మజీద్‌లోనైతే ఇనుము పేరు మీద ఒక సూరాయే ఉంది, అల్ హదీద్. మండపేటలో మన వాళ్లు కొందరికి ఆ ఇనుమే రోజీ. పాత ఇనప సామాన్లు కొనే బండి మీద అరిగిపోయిన దమ్ము చక్రాలు, రైస్ మిల్లు ముక్కలు, సైకిల్ రిమ్ములు వెళ్తుంటాయి.

మొన్న మా మొహల్లాలో ఒక కబాడీ భాయ్ కూతురు కాలేజీ ఫారం తెచ్చింది. 'తండ్రి వృత్తి' దగ్గర కలం ఆగింది. "బిజినెస్ అని రాసేయనా చాచా?" అంది. పక్కనే ఉన్న వాళ్ల అబ్బా తల దించుకున్నాడు. నాకు మనసు చివుక్కుమంది.

"బేటీ, మీ అబ్బా పని ఏమిటో ముందు విను" అన్నాను.

ఖనిజంలో ఇనుము ఆక్సిజన్‌తో ముడిపడి ఉంటుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గు నుంచి చేసిన కోక్ ఆ ముడి విప్పుతుంది. ఆ ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి పొగగా పైకి పోతుంది. మన దేశంలో టన్ను ఉక్కుకి సుమారు 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. 2.2 టన్నుల లోపు ఉంటేనే 'గ్రీన్ స్టీల్' అని కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబరులో హద్దు పెట్టింది. పాత ఇనుములో ఆ ముడి ఎప్పుడో విడిపోయింది. కరెంటు కొలిమిలో కరిగిస్తే చాలు. టన్ను తుక్కు వాడితే దాదాపు 1.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్, 1.4 టన్నుల ఖనిజం, 740 కిలోల బొగ్గు మిగులుతాయని ప్రపంచ ఉక్కు సంఘం లెక్క.

అయితే తుక్కు ఒక్కటే దేశం అవసరానికి చాలదు. ఆ కరెంటూ బొగ్గు నుంచే వస్తే ఫాయిదా తగ్గుతుంది. అందుకే పెద్ద కర్మాగారాలూ మారాలి. విశాఖ ఉక్కులో ఎర్రగా కాలిన కోక్‌ని నీళ్లతో కాకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు.

మార్పు భారం మజ్దూర్ మీదే పడితే మాత్రం ఇన్సాఫ్ కాదు. బ్రిటన్‌లో పోర్ట్ టాల్బట్ బ్లాస్ట్ ఫర్నేస్‌లు 2024లో ఆరిపోయాయి. వాటి స్థానంలో కరెంటు కొలిమి వస్తోంది, కానీ వేల ఉద్యోగాలు పోయాయి. విశాఖ ఉక్కు కోసం 1966లో 32 మంది ప్రాణాలిచ్చిన రాష్ట్రం మనది. పొగ తగ్గాలి, పొయ్యి కూడా వెలగాలి.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి, ఫారంలో 'పాత ఇనుము వ్యాపారం' అని రాసింది. అబ్బా కళ్లు తుడుచుకున్నాడు.

ఇక మన వంతు. ఇస్రాఫ్ వద్దని జుమా బయాన్‌లో వింటూనే ఉంటాం. డాబా మీద తుప్పు పట్టే సామాను ఉంటే కబాడీ భాయ్‌ని పిలవండి. కిలోకి రెండు రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. ఎండలో వచ్చిన మనిషికి ముందు గ్లాసుడు మంచినీళ్లు ఇవ్వండి.