పద్నాలుగు పేర్లలో ఐదు

హైదరాబాదులో ఎవరి మాట, ఎవరి నడత కాస్త వింతగా తోచినా "ఎర్రగడ్డకు పంపాలి" అనడం పరిపాటి. రోగులకు ఊరట కలిగించే ఒక చికిత్సాలయం ఉన్న చోటు పేరు ఈ విధంగా పరిహాసపు మాటగా మారిపోయింది. అటువంటి నగరంలో, మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసిన మా అమ్మాయి క్లినికల్ సైకాలజీలో డాక్టరేట్ చేస్తానన్నప్పుడు బంధువుల ముఖాలలో ఏ భావం కనిపించి ఉంటుందో పాఠకులు ఊహించగలరు. "పిచ్చివాళ్ల డాక్టరమ్మవు అవుతావా బేటీ?" అని పెద్ద ఫూఫీ అడిగింది. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడం మాకు కష్టం కాలేదు. ఏయే విద్యాసంస్థలకు దరఖాస్తు పెట్టాలి అన్న తర్వాతి ప్రశ్న మాత్రం లక్డీకాపూల్‌లోని మా ఇంట ఆరు నెలలు నలిగింది. ఇదే బాటలో అడుగుపెట్టబోయే కుటుంబాలకు ఉపకరిస్తుందని ఆ వివరాలు ఇక్కడ రాస్తున్నాము.

ముందు ఫూఫీకి చెప్పిన సమాధానం. సైకియాట్రిస్టు వైద్యశాస్త్రం చదివి మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. పరీక్షల ద్వారా సమస్యను గుర్తించి, క్రమబద్ధమైన సంభాషణ ద్వారా చికిత్స చేస్తారు. ఇది పరాయి విద్య కాదు. క్రీస్తుశకం 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహారోగ్యం, మనోరోగ్యం రెండింటినీ ఒకే గ్రంథంలో చర్చించాడు. కారణం తెలిసిన దుఃఖం వేరనీ, కారణం తెలియకుండా కమ్ముకునే దుఃఖం వేరనీ ఆనాడే విడమరిచాడు. ఇక మన కాలానికి వస్తే, 2015-16లో నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే దేశంలోని వయోజనులలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేల్చింది. ఫూఫీ అంతా విని, "అయితే ముందు మా కోడలి మాట వినమను" అన్నది. సమ్మతి లభించినట్లే భావించాము.

మా అమ్మాయి తయారుచేసిన మొదటి జాబితాలో పద్నాలుగు పేర్లున్నాయి. అమెరికాలో తొమ్మిది, బ్రిటన్‌లో రెండు, మన దేశంలో మూడు. లక్డీకాపూల్ నుండి ఆబిడ్స్ దాకా విదేశీ చదువుల బోర్డులకు కొదువ లేదు గనుక ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్లాము. అక్కడి సలహాదారు వీసా గురించి, వాతావరణం గురించి, హాస్టల్ భోజనం గురించి ధారాళంగా మాట్లాడాడు. చదువు ముగించి తిరిగి వస్తే మన దేశంలో చికిత్స చేసే అధికారం ఉంటుందా అని అడగగానే మాట మార్చాడు. మా దృష్టిలో అందరికన్నా ముందు అడగవలసిన ప్రశ్న అదే.

మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అనగా ఆర్.సి.ఐ., రిజిస్టరులో పేరు ఉండాలి. పేరు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని ఆ చట్టం చెబుతోంది. వెయ్యి రూపాయలన్నది చూసి నవ్వుకున్నా, జైలు మాట నవ్వులాట కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఆర్.సి.ఐ. గుర్తింపునే ప్రమాణంగా తీసుకుంది. అందువల్ల ఏదో ఒక విశ్వవిద్యాలయంలో సైకాలజీ పీహెచ్.డి. చేసినంత మాత్రాన చికిత్స చేసే హక్కు రాదు. ఆ పట్టాతో పరిశోధన చేయవచ్చు, బోధించవచ్చు. విదేశీ పట్టాతో తిరిగి వచ్చేవారు సైతం ఆ మండలి గుర్తింపు పొందవలసిందే. ఈ తేడా తెలియక కొన్నేళ్లు చదివి, చివరకు రిజిస్టరులో చోటు దొరకని యువతులను మేమెరుగుదుము.

ఇంతకాలం ఈ వృత్తికి రెండేళ్ల ఎం.ఫిల్. ప్రధాన ద్వారంగా ఉండేది. నూతన విద్యావిధానం ఎం.ఫిల్.ను రద్దు చేసినా, క్లినికల్ సైకాలజీకి 2025-26 విద్యాసంవత్సరం వరకు మాత్రం యు.జి.సి. మినహాయింపు ఇచ్చింది. కనుక ఇప్పుడు చేరదలచినవారు సై.డి. అనే వృత్తి డాక్టరేట్ వంటి కొత్త కోర్సులను పరిశీలించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆర్.సి.ఐ. ఒక సంస్థకు శాశ్వతంగా అనుమతి ఇవ్వదు. నిర్ణీత కాలానికి, నిర్ణీత సీట్లకే ఇస్తుంది. మా జాబితాలోని మూడు స్వదేశీ సంస్థలలో ఒకదాని గడువు ముగిసి ఉంది. ఆ సంస్థ కరపత్రంలో మాత్రం ఆ విషయం లేదు. ఆ పేరు కొట్టివేశాము.

బ్రిటన్ పేర్లు రెండూ త్వరగానే పోయాయి. అక్కడ మూడేళ్ల డాక్టరేట్ ఖర్చును ప్రధానంగా ప్రభుత్వ ఆరోగ్య సేవ భరిస్తుంది. ఆ దేశంలో స్థిరనివాస హక్కు లేనివారికి ఆ ద్వారం చాలా ఇరుకు.

అమెరికా విషయం సుదీర్ఘమైనది. అక్కడ రెండు రకాల డాక్టరేట్లున్నాయి. 1949లో బౌల్డర్ నగరంలో జరిగిన సమావేశం చికిత్సనూ పరిశోధననూ జోడించే పీహెచ్.డి. పద్ధతిని ఖాయం చేసింది. 1973లో వెయిల్‌లో జరిగిన సమావేశం చికిత్సకే ప్రాధాన్యమిచ్చే సై.డి.కి ఆమోదం తెలిపింది. సై.డి.లో సీట్లు ఎక్కువ, ప్రవేశం కొంత సులభం. అయితే సాలీనా 40 వేల డాలర్లకు పైబడిన ఫీజు వసూలు చేసే సంస్థలు అనేకం. ఐదేళ్లకు లెక్కిస్తే కోటిన్నర రూపాయలు దాటుతుంది. మా వంటి ఉద్యోగుల ఇంట ఆ సొమ్ము అప్పుగా తప్ప రాదు. ఆ అప్పు వడ్డీ లేకుండా రాదు.

ఇక్కడ ఇంట్లో వాదన జరిగింది. విద్యారుణం తీసుకోక తప్పని పరిస్థితి అని కొందరు బంధువులు అన్నారు. అన్ని దారులూ మూసుకుపోయినప్పటి మాట వేరు. ఫీజు మినహాయించి, నెలనెలా భృతి కూడా ఇచ్చే పీహెచ్.డి. కార్యక్రమాలు కళ్లెదుటే ఉండగా తప్పనిసరి అనడం మాకు సమంజసంగా తోచలేదు. పైగా అంత అప్పుతో బయటికి వచ్చిన అమ్మాయి పేద రోగుల కోసం ఏ ఊరికి తిరిగి రాగలదు? నాలుగు సై.డి. పేర్లూ తీసివేశాము. వార్షికాదాయం 5 లక్షల రూపాయలు మించని మైనారిటీ కుటుంబాల పిల్లలకు విదేశాలలో పీజీ, పీహెచ్.డి. చదువులకై తెలంగాణ ప్రభుత్వం 20 లక్షల వరకు ఉపకార వేతనం ఇచ్చే పథకం ఉన్నది. మేము ఆ పరిమితి దాటినవారము. అర్హులైన పాఠకులు తప్పక విచారించాలి.

మిగిలినవి ఐదు పీహెచ్.డి.లు. ఫీజు లేని చోట పోటీ తీవ్రంగా ఉంటుంది. పదిలోపు సీట్లకు వందలాది దరఖాస్తులు వస్తాయి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి కార్యక్రమమూ ఎందరు చేరారు, ఎందరు మధ్యలో మానేశారు, ఎన్నేళ్లకు పూర్తిచేశారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎందరు లైసెన్సు పొందారు అన్న పట్టికను బహిరంగంగా ప్రకటించాలి. కన్సల్టెన్సీలో గడిపిన రెండు గంటలకన్నా ఆ పట్టికలు చదివిన ఒక్క రాత్రి మాకు ఎక్కువ నేర్పింది. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌కు అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రులు అతిపెద్ద శిక్షణా కేంద్రాలు. వాటిలో ఆ దేశ పౌరులకే అవకాశం. మన పిల్లలు వాటిని లెక్కలోంచి తీసివేసి చూసుకోవాలి.

అయితే ఈ పట్టికలన్నిటికన్నా పెద్ద జల్లెడ వేరే ఉన్నది. పీహెచ్.డి.లో సాధారణంగా విశ్వవిద్యాలయం కన్నా ముందు ఆచార్యుణ్ణి ఎంచుకోవాలి. ఐదారేళ్లు ఆయన పర్యవేక్షణలోనే పనిచేయాలి. "ఎవరికి చికిత్స చేయాలని నీ కోరిక?" అని అమ్మాయిని అడిగాము. మా ఇంటికి నడక దూరంలో నీలోఫర్ ఆసుపత్రి ఉన్నది. పసిబిడ్డలను ఒడిలో పెట్టుకొని తల్లులు దాని ముందు గంటల తరబడి కూర్చొని ఉంటారు. బిడ్డకేమైందని అందరూ అడుగుతారు. తల్లికి ఎలా ఉందని అడిగేవారు అరుదు. "అబ్బా, నేను వాళ్లను అడగాలి" అన్నది. ప్రసవానంతర కుంగుబాటు మీద పరిశోధన చేస్తున్న ఆచార్యులను వెదికితే ఐదింటిలో మూడు చోట్ల దొరికారు. నాలుగవ చోట ఆచార్యులు రాబోయే ఏడాది విద్యార్థులను తీసుకోవడం లేదు. ఐదవ సంస్థ పేరు మిగతా నాలుగింటికన్నా ప్రసిద్ధమైనదే గాని ఆ విషయంలో పనిచేసేవారు లేరు. ఆ రెండూ వదిలేశాము. పేరున్న సంస్థను వదులుకోవడం తెలివితక్కువతనమని మామూ ఫోను చేసి మందలించాడు. చెప్పిచూశాము, అంగీకరించలేదు.

మిగిలిన పేర్ల పక్కన అమ్మీ మరొక గడి గీయించింది: నడిచి వెళ్లగల దూరంలో మసీదు, ఊళ్లో తెలిసిన కుటుంబం ఒకటి. మూడింటిలో రెండింటికి ఆ గడి నిండింది. ఇస్తిఖారా నమాజు కూడా ఈ దశలోనే చేశాము. కొందరు వివరాలేవీ విచారించకుండా కలలో విశ్వవిద్యాలయం పేరు కనిపిస్తుందేమోనని ఎదురుచూస్తారు. తెలుసుకోగలిగినంత తెలుసుకొని, సలహా తీసుకొని, ఆపై అల్లాహ్‌కు అప్పగించడమే ఉచితమని మేము భావిస్తాము.

అమెరికాకు మూడు, స్వదేశానికి రెండు. వెరసి ఐదు. అమెరికా గడువులు ఎక్కువగా డిసెంబరు 1న ముగుస్తాయి కనుక ఆ మూడూ ముందు పంపింది. ఇంటర్వ్యూ పిలుపులకు ఇంకా సమయమున్నది. ఈ మధ్య సాయంత్రాలు నానీ దగ్గర కూర్చుంటోంది. బాలింతల కుంగుబాటును గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరోలో రూపొందించిన ప్రశ్నావళి ఒకటి ఉన్నది, మొత్తం పది ప్రశ్నలు. వాటిని తెలుగులోనూ, ఇంటి ఉర్దూలోనూ పలికి నానీకి వినిపిస్తోంది. ఐదవ ప్రశ్న దగ్గర నిన్న నానీ ఆపేసింది. "అత్త పక్కన కూర్చొని ఉండగా ఇలా అడిగితే ఏ కోడలు నిజం చెబుతుంది? ముందు అత్తను చాయ్ తాగడానికి పంపు" అన్నది. అమ్మాయి ఆ మాట నోటుపుస్తకంలో రాసుకొని ఆరవ ప్రశ్న మొదలుపెట్టింది.