గడువులోగా చేరితే చాలు

మన తరం వారికి సైకిలు కొత్త వస్తువు కాదు. కాలు అందని వయసులో తండ్రిగారి సైకిలు త్రికోణంలోంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాళ్ళం మనం. ఉద్యోగంలో చేరిన కొత్తలో షిఫ్టు మారే వేళ కర్మాగారం గేటు వద్ద సైకిళ్ళు బారులు తీరి ఉండేవి. క్రమంగా స్కూటర్లు, ఆ పైన కార్లు వచ్చాయి. సైకిలు మెట్ల కింద గదిలోకి చేరింది. అందుచేత యాభై దాటిన మనిషి తెల్లవారుజామున హెల్మెట్ పెట్టుకుని సైకిలు మీద కనిపిస్తే చూసేవారికి రెండు సందేహాలు కలుగుతాయి. ఒకటి, "డాక్టరు తొక్కమన్నాడా?" రెండు, "ఏమైనా మొక్కుకున్నారా?" ఈ రెండు ప్రశ్నలకూ గత పదేళ్ళుగా గేటు వద్ద నిలబడి సమాధానం చెబుతూనే ఉన్నాను. కాస్త వివరంగా చెప్పే అవకాశం ఈ పత్రిక కల్పించింది.

నా దినచర్యలో విశేషమేమీ లేదు. వారంలో మూడు రోజులు నాలుగున్నరకు లేస్తాను. టైర్లలో గాలి చూసుకుని, గొలుసుకు నూనె ఉన్నదీ లేనిదీ వేలితో తడిమి, ముందూ వెనుకా దీపాలు వెలిగించుకుని ఐదు గంటలకు బయలుదేరుతాను. గేటు వద్ద కాపలా ఉద్యోగి "ఇవాళ ఎందాకా సార్?" అని అడుగుతాడు. "అనకాపల్లి" అంటాను. వెళ్ళి వస్తే దాదాపు 40 కిలోమీటర్లు. ఏడు గంటలలోపు ఇంటికి చేరి, స్నానం చేసి, చద్దన్నంలో పెరుగు కలుపుకుని తిని, ఎనిమిదింటికి జనరల్ షిఫ్టులో ఉంటాను. ఆదివారం మాత్రం దూరం పెరుగుతుంది. జేబులో రెండు అరటిపళ్ళు, పల్లీ పట్టీ, సీసాలో ఉప్పు వేసిన నిమ్మరసం. ఇంతకు మించిన పౌష్టికాహార రహస్యం నా దగ్గర లేదు.

ఇంజనీరుగా నన్ను సైకిలుకు కట్టిపడేసినది దాని లెక్క. సైకిలుతో కలిపి నా బరువు 80 కిలోలు. గాలి లేని ఉదయం, చదునైన రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో సాగడానికి సుమారు 120 వాట్ల శక్తి చాలు. అశ్వశక్తిలో ఇది దాదాపు ఆరవ వంతు. అదే వేగాన్ని 30 కిలోమీటర్లకు పెంచాలంటే 195 వాట్లు కావాలి. వేగం ఐదో వంతు పెరిగితే శ్రమ మూడింట రెండు వంతులకు దగ్గరగా పెరుగుతుందన్నమాట. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి, దాన్ని అధిగమించే శక్తి వేగపు ఘనాన్ని అనుసరించి పెరగడమే ఇందుకు కారణం. ఇక నూటికి ఐదు వంతున ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఆ 120 వాట్లకు దక్కేది గంటకు 10 కిలోమీటర్లు మాత్రమే. అక్కడ శత్రువు గాలి కాదు, బరువు. ఈ లెక్క ఒకసారి బుర్రకెక్కితే యువకులు మనను దాటి దూసుకుపోతున్నప్పుడు కష్టం కలగదు. వారు ఎంత మూల్యం చెల్లిస్తున్నారో మనకు తెలుస్తుంది కనుక.

పందెం మాటకు వస్తే, నా ఈడువారికి తగిన పందెం ఒకటి ఫ్రెంచివారు ఏర్పరిచారు. దాని పేరు బ్రెవే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటలు గడువు. దారిలో నిర్ణయించిన చోట్ల చేతిలోని కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. సైకిలు చెడితే ఎవరి మరమ్మతు వారే చేసుకోవాలి. గడువులోగా చేరినవారందరూ సమానమే. మొదటివాడికి బహుమతి లేదు, చివరివాడికి చిన్నతనం లేదు. పారిస్‌లోని ఒక సైకిలు సంఘం నియమావళి ప్రకారం మన దేశంలోని అనేక నగరాలలో ఇవి జరుగుతున్నాయి. వీటన్నిటికీ శిఖరం వంటిది పారిస్ నుంచి బ్రెస్ట్ రేవుపట్టణం దాకా వెళ్ళి తిరిగి వచ్చే 1200 కిలోమీటర్ల యాత్ర. 1891లో అది నిజమైన పందెంగానే మొదలైంది. నేడు నాలుగేళ్ళకొకసారి బ్రెవేగా జరుగుతోంది. గరిష్ఠ గడువు 90 గంటలు. 2023లో జరిగింది, మళ్ళీ 2027లో.

నా మొదటి 200 కిలోమీటర్లను శ్రీకాకుళం వైపు జాతీయ రహదారి మీద 11 గంటల 40 నిమిషాలలో ముగించాను. ముద్ర వేయించుకుని టీ తాగుతూ కూర్చున్నాను. చివరిగా ఒక పెద్దాయన వచ్చారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులట. గడువుకు ఇంకా ఆరు నిమిషాలుంది. రెండు పంక్చర్లు వేసుకుని, ఎదురుగాలికి తలవంచి, మోకాలి నొప్పితో వచ్చారాయన. నా కార్డు మీద ఏ ముద్ర పడిందో ఆయన కార్డు మీదా అదే ముద్ర పడింది. "ఆరు నిమిషాలు మిగిలాయి బాబూ, వాటినేం చేసుకోమంటారు?" అని నవ్వారు. పనితీరుకు అంకెలు వేసే విధానంలో ముప్ఫై ఏళ్ళు గడిపిన నాకు ఆ ముద్ర ఎంతో ఊరట కలిగించింది.

ఇక మా ఇంట మూడవ సభ్యురాలి సంగతి. పేరు బెల్లు. పన్నెండేళ్ళ కిందట వానలో తడుస్తూ సైకిలు షెడ్డులో దొరికిన వీధికుక్క పిల్ల. బెల్లు మోగితే చాలు పరుగున వచ్చేది కనుక మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. మునుపు నేను బయలుదేరినప్పుడు క్వార్టర్ల మలుపు దాకా వెంట వచ్చి సాగనంపేది. అంతకు మించి రానిచ్చేవాణ్ణి కాదు. కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పడం ద్వారానే వేడిని బయటకు పంపుకోవాలి. సైకిలు వెంట దూరాలు పరిగెత్తించడం, అందునా ఎండెక్కిన తారు మీద, దానికి ప్రమాదకరం.

దారిలో తరిమే కుక్కల గురించి చాలామంది అడుగుతుంటారు. వేగం పెంచితే అవి మరింత తరుముతాయి. దిగి, కుక్కకూ మనకూ నడుమ సైకిలును అడ్డంగా ఉంచుకుని, నెమ్మదిగా నడిస్తే చాలావరకు వెనుదిరుగుతాయి. ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. గాయం చిన్నదని ఉపేక్షించరాదు.

గత వర్షాకాలం చివర నా 600 కిలోమీటర్ల బ్రెవే ఖాయమైంది. శనివారం ఉదయం ఆరింటికి ఆరంభం, ఆదివారం రాత్రి పదింటికి గడువు. నాలుగు నెలలు సాధన చేశాను, సెలవు మంజూరైంది. గురువారం సాయంత్రం బెల్లు అన్నం ముట్టలేదు. శుక్రవారం లేచి నిలబడలేదు. పశువైద్యులు రక్తపరీక్ష చేయించి, పిడుదుల వల్ల వచ్చిన జ్వరమనీ, ఈ వయసులో మొదటి రెండు రోజులూ కీలకమనీ చెప్పారు. మాత్రలు 28 రోజులు వేయాలి. నోరు తెరిచి పట్టుకోవడం ఒకరి పని, మాత్ర వేయడం మరొకరి పని. పిల్లలిద్దరూ ఊళ్ళో లేరు.

ఆ రాత్రి నా శ్రీమతి నన్ను వెళ్ళవద్దనలేదు. "ఏమండీ, మీ 40 గంటలలో ఎన్ని మాత్రలు పడతాయో లెక్క కట్టారా?" అని మాత్రం అడిగింది. మూడు పడతాయి. సర్దిన సంచిని విప్పి, నిర్వాహకులకు రానని కబురు చేశాను. ప్రవేశ రుసుము తిరిగి రాదు. శని, ఆదివారాలు రెండూ బెల్లు పక్కన చాప మీద గడిచాయి. ఆదివారం రాత్రి తొమ్మిది దాటాక అది తల ఎత్తి గిన్నెలోని మజ్జిగ నాకింది. అప్పుడు గడియారం వైపు చూశాను. గడువుకు ఇంకా అరగంట పైగా ఉంది.

అప్పటినుంచి ఒక విషయం మనసులో నిలిచిపోయింది. ఔత్సాహికుడు తొక్కే ప్రతి కిలోమీటరూ ఇంటివారి కాలంలోంచి అప్పు తెచ్చినదే. వారానికి నేను పది గంటలు రోడ్డు మీద ఉంటే, ఆ పది గంటలూ పాలు, నీళ్ళు, ఫోన్లు, కుక్క, చుట్టాలు అన్నీ మరొకరు చూసుకుంటున్నారు. వృత్తిగా పందేలలో పాల్గొనేవారికి జట్టు ఉంటుంది, జీతాలుంటాయి. మా జట్టుకు జీతం లేదు. ముందు వెళ్ళే సైకిలు వెనుక నక్కి తొక్కితే శ్రమలో పావు వంతో, అంతకు మించో ఆదా అవుతుందని లెక్కలు చెబుతాయి. పదేళ్ళుగా నేను ఎవరి వెనుక నక్కి తొక్కుతున్నానో ఆ రెండు రోజులలో స్పష్టంగా కనబడింది.

బెల్లు కోలుకుంది. వెనుక కాళ్ళలో మునుపటి పటుత్వం లేదు. మలుపు దాకా రాలేదు. గేటు వద్ద కూర్చుని తోక ఊపి పంపుతుంది. దానితో కలిసి దూరప్రయాణం చేయడానికి ఇంకెన్నో ఏళ్ళు ఉండవని అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనము. అందుకే ఈసారి సెలవుల ఆలోచన మార్చుకున్నాము. రైలులో కుక్కను తీసుకుపోవాలంటే మొదటి తరగతి కూపే మొత్తం మనదై ఉండాలి, లేకుంటే దాన్ని గార్డు పెట్టెలోని అరలో ఒంటరిగా ఉంచాలి. ఆ అరలో బెల్లు ఉండలేదు. కనుక దూరదేశాలు మాని అరకులోయకు నిర్ణయించాము.

సొరంగాల దారి చూడాలని నా శ్రీమతికి ఎప్పటినుంచో కోరిక. ఆవిడా అమ్మాయీ కిరండూల్ రైలులో వస్తారు. అబ్బాయి కారులో, వెనుక సీటు మీద దుప్పటి పరిచి, బెల్లును తెస్తాడు. నేను పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా సైకిలు మీద వెళతాను. మా ఇంటి నుంచి సుమారు 120 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. అక్కడినుంచి కాఫీ తోటల నీడలో గంటకు పది కిలోమీటర్లే. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే మధ్యాహ్నానికి చేరవచ్చు.

2027 మాట మిత్రులు అడుగుతూనే ఉన్నారు. ఆ యాత్రకు అర్హత కావాలంటే ఆ సీజనులో 200, 300, 400, 600 నాలుగూ పూర్తి చేయాలి. ఇంట్లో పరిస్థితి అనుకూలిస్తే ప్రయత్నిస్తాను, లేకుంటే 2031 ఉంది. కాళ్ళు అప్పటికి ఏమంటాయో వాటినే అడగాలి. ప్రస్తుతానికి నా ముందున్నది ఒకే బ్రెవే. ఫ్రెంచివారి లెక్క ప్రకారం 120 కిలోమీటర్లకు ఎనిమిది గంటలు దక్కుతాయి. ఘాట్ రోడ్డని దయతలచి మా ఆవిడ తొమ్మిది ఇచ్చింది. ఒంటిగంటకల్లా చేరకపోతే భోజనానికి ఎదురుచూడబోమని ముందుగానే తెలియజేశారు.