రాజ్యలక్ష్మమ్మగారికి ఓ కాఫీ

చరిత్రలోంచి ఒక్కర్ని, ఒక్కర్నంటే ఒక్కర్నే, కాఫీకి పిలవమంటే మీరెవర్ని పిలుస్తారు? మావారు తడుముకోకుండా శ్రీశ్రీ అన్నారు. ఆయన పుట్టిన విశాఖపట్నంలో కాపురముంటూ ఇంకో పేరు చెబితే ఊరుకుంటారా! మా అబ్బాయి గాంధీగారన్నాడు. కాఫీ, టీలు వద్దన్న మనిషిని కాఫీకి పిలవడమేమిట్రా అన్నాను.

నేనైతే కందుకూరివారిని పిలుస్తాను. వీరేశలింగంగారిని కాదండీ, వారి భార్య రాజ్యలక్ష్మమ్మగారిని. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారని బళ్లో అందరం చదువుకున్నాం. పెళ్లన్నాక వంట ఉంటుందిగా? ఊరు వెలేసేసరికి వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, వండి వడ్డించింది ఆవిడే. సభలో మాట్లాడేవారికి చప్పట్లైనా ఉంటాయి. గాడిపొయ్యి ముందు చప్పట్లెవరు కొడతారు చెప్పండి!

సముద్రపుగాలి తగిలే మా వరండాలో ఆవిణ్ణి కూర్చోబెడతాను. అరకు కాఫీగింజలు అప్పటికప్పుడు పొడికొట్టి, చిక్కటి డికాషన్ తీస్తాను. కాఫీ వద్దంటే వేడివేడి పాలు. అలవాటు కొద్దీ "నేనూ ఓ చెయ్యి వేస్తానమ్మా" అంటూ వంటింట్లోకి రాబోతుంది. రానివ్వను.

సంస్కరణల గురించీ, పంతులుగారి గురించీ చాలామంది అడిగే ఉంటారు. నేనడగాలనుకున్నది ఒక్కటే: "అందరి విస్తళ్లూ ఎత్తాక, ఆ రాత్రి మీకేమైనా మిగిలిందా అండీ?"