నింద మోసిన సాలెపురుగు

నేను చేసిన పొరపాటొకటి మీతో చెప్పుకొనుట మంచిదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా నివాసము మాచారెడ్డి. మావారు బడిపంతులు. నిరుడు భాద్రపదమాసమున ఒకనాటి వేకువను పెరటి తలుపు తీయగా, పచ్చికపై మంచుబిందువులు నిండిన తెల్లని వలలు అనేకము కనబడెను. ప్రతి వలకును గరాటువంటి బిలమొకటి, ఆ బిలద్వారమున బూడిదవన్నె సాలెపురుగొకటి.

ఆ వారముననే మా చిన్నవాని పాదము వాచినది. పొరుగింటి అవ్వ చూచి, "సాలెపురుగు ముట్టింది బిడ్డా, పసుపు పెట్టు" అనెను. పసుపు రాచితిని. అంతటితో ఊరకుండక, చీపురుకట్ట పుచ్చుకొని వలలన్నియు ఊడ్చివేసితిని. ఒక పురుగు తన వెనుక తెల్లని ఉండ నొకదానిని మోసికొనుచు పరుగిడుచుండగా, దానినిగూడ చెప్పుక్రింద నలిపితిని.

నాలుగవనాటికి పుండు పెద్దదై బిడ్డకు జ్వరము వచ్చెను. కామారెడ్డికి తీసికొనిపోతిమి. వైద్యురాలు చీము తీయగా దానితోబాటు తుమ్మముల్లు మొన బయటపడెను. ఆమె కోపింపలేదు. "నాలుగు దినము లేల ఆగితిరమ్మా?" అని మాత్రము అడిగెను. నేను తల వంచుకొంటిని.

పిదప మావారు తెచ్చిన పుస్తకములవలన కొన్ని సంగతులు తెలిసికొంటిని. పచ్చికలో ఇట్టి వలలల్లు మనదేశపు సాలెపురుగులను శాస్త్రజ్ఞులు హిప్పాసా యందురు. ఆ వల జిగురుది కాదు. పురుగు పడి దారము కదలినంతనే ఇది బిలమునుండి ఉరికి పట్టుకొనును. దీని విషము పురుగులకే గాని మనుష్యులకు ప్రమాదకరము కాదు. నేను చూచిన తెల్లని ఉండ దాని గ్రుడ్లసంచి. పిల్లలు వెలువడువరకు తల్లి దానిని మోయును. వెలువడిన పిల్లలు కొన్నినాళ్లు తల్లి వీపుపై నుండును. ఇది చదివినప్పుడు నా మనసెట్లుండెనో మాతృమూర్తులకు వేరుగ చెప్పనక్కరలేదు.

గరాటు వలల జాతులన్నియు నిరపాయములని కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ ప్రాంతమునందలి దానివలన 13 మరణములు నమోదైనవి. 1981లో దానికి విరుగుడు మందు వచ్చిన పిమ్మట ఆ కాటుచే మరణించినవారు లేరు. అమెరికా వాయవ్యభాగమున "హోబో", అనగా దేశదిమ్మరి, అను సాలెపురుగు కలదు. అది ఐరోపానుండి వచ్చినది. 1980ల దశకమున, మాంసము క్రుళ్లు పుండ్లకు అదియే కారణమని నింద పుట్టెను. తరువాతి పరిశోధకు లెవ్వరును దానిని రుజువు చేయలేకపోయిరి. పుట్టినింటనున్న ఐరోపాలో దానికి ఆ అపకీర్తియే లేదు. కావున మా పెరటిలో జరిగిన అన్యాయమే అక్కడను జరిగినదన్నమాట.

బాల్యమున మా తండ్రిగారివద్ద ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యము చదువుకొంటిని. 'శ్రీ' యనగా సాలెపురుగనియు, శివుని కొలిచి ముక్తి నొందెననియు వల్లించిన నోటితోనే, చూడని కాటును దానిపై మోపితిని. నింద మోపుట సులభము. దానివలన వెదకవలసిన ముల్లు వెదకకపోవుటయే అసలు కీడు.

సోదరీమణులారా! పిల్లల పుండు ఎఱ్ఱబడి వాపు హెచ్చినచో, ఏ పురుగు ముట్టెనో యని తర్కింపక ఆనాడే వైద్యునికి చూపుడు. ముల్లు గ్రుచ్చుకొన్నచో ధనుర్వాతపు సూదిమందు విషయమై అడుగుడు.

ఈ యేడును వలలు వెలసినవి. చిన్నవాడు ప్రతి ఉదయము లెక్కించి వచ్చి చెప్పుచున్నాడు. ఆ మూల మాత్రము నేను ఊడ్చుట లేదు.