అంట్లు కాదు, పరికరాలు

మా వైపు పళ్ళ డాక్టరు పక్కన నిలబడి పనిచేసే స్త్రీకి ఒక హోదా అంటూ ఉండదు. 'ఆ అమ్మాయి' అంటారు. నలభై దాటినా అమ్మాయే. రోగి నోట్లో ఊరే లాలాజలాన్ని గొట్టంతో లాగేది ఆమె. సిమెంటు కలిపి అందించేది ఆమె. రక్తం అంటిన పరికరాలను పోగేసి వెనకగదిలో కడిగేది ఆమె. రాత్రి చెత్తబుట్ట ఎత్తి, నేల తుడిచి, తాళం వేసేదీ చాలా చోట్ల ఆమే. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్టు దంతవైద్యులతో పాటు హైజీనిస్టులనూ, మెకానిక్కులనూ గుర్తించింది. అసిస్టెంటుకు మాత్రం అందులో చోటు లేకపోయింది. గుర్తింపు లేని పనికి శిక్షణ ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇరవై ఏళ్ళకు పైగా నేను గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు ఊళ్ళలో దంతవైద్యురాలిగా పనిచేశాను. నాతో పనిచేసిన అమ్మాయిల్లో ఎక్కువమంది పత్తి చేలల్లోంచి, మిరప కల్లాల్లోంచి వచ్చినవాళ్ళే. వాళ్ళ అమ్మలు రోజంతా మిరపకాయల తొడిమలు తీసి, రాత్రి మండే చేతులకు నూనె రాసుకుని పడుకునేవాళ్ళు. పత్తికాయ డొప్ప మొనలు గుచ్చుకుని వేళ్ళు చీరుకుపోయేవి. కూతురికైనా నీడపట్టున పని దొరికిందని వాళ్ళకు సంతోషం. ఫ్యాను కింద ఉద్యోగం, తెల్లకోటు, డాక్టరమ్మ పక్కన నిలబడటం. అది చిన్న మార్పేమీ కాదు. కానీ మిరప ఘాటు తగిలిన క్షణమే తెలుస్తుంది. ఈ నీడపట్టున ఉన్న ప్రమాదం కంటికి కనబడదు, చేతికి మండదు. హెపటైటిస్ బి వైరసు ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది.

నేను చదువు ముగించిన కొత్తలో పనిచేసిన ఒక క్లినిక్కులో, కొత్తగా చేరిన అమ్మాయికి పని అప్పగిస్తూ పెద్ద డాక్టరుగారు, "ఏముందమ్మా, ఇంట్లో అంట్లు తోముకున్నట్టే" అన్నారు. భయపెట్టకూడదనే మంచి ఉద్దేశంతోనే అన్నారేమో. అయినా నాకు ఆ మాటలోనే మొత్తం కథ ఉందనిపిస్తుంది. పంటి వైద్యంలో అంటురోగాలను ఆపే గొలుసులో కీలకమైన లంకె ఆ సింకు దగ్గరే ఉంది. పరికరం మీద రక్తం, చీము ఎండిపోయి ఉంటే దాని కిందకి ఆవిరి సరిగా చేరదు. 121 డిగ్రీల వేడిలో, పదిహేను పౌండ్ల ఒత్తిడిలో ఆటోక్లేవ్ ఎంతసేపు నడిచినా ముందు కడగడం సరిగా లేకపోతే ఆ పరికరాన్ని నమ్మలేం. అంటే తర్వాతి రోగి ప్రాణం ఆ అమ్మాయి చేతి పనితనం మీద ఆధారపడి ఉంది. అంత నేర్పు కావలసిన పని, ఆడవాళ్ళు ఇంట్లో చేసే పనిలా కనబడుతుంది కాబట్టి, నేర్పనక్కర్లేని పని అయిపోయింది. నేర్పనక్కర్లేదు కాబట్టి జీతం తక్కువ. జీతం తక్కువ మనిషికి మందపాటి చేతితొడుగులు ఎందుకన్నది ఆ తర్వాతి మెట్టు.

డాక్టరు చేతిలో ఉన్నప్పుడు సూది కంటికి కనబడుతూ ఉంటుంది. ట్రేలో రక్తం తడిసిన గాజుగుడ్డ కింద దాక్కున్న సూది, కొక్కెంలా వంగిన ప్రోబు, పంటి వేరులోకి దించే సన్నని ఫైలు మాత్రం తీసేవాళ్ళ వేలికే తగులుతాయి. అసలైతే సూది వాడినవారే, కుర్చీ పక్కనే, పొడుచుకుపోని తెల్లడబ్బాలో వేసేయాలి. మూత పెట్టక తప్పకపోతే రెండో చెయ్యి వాడకుండా, మూతను ట్రే మీదే ఉంచి సూదితో గరిటెలా ఎత్తుకోవాలి. కడిగేవాళ్ళకు పరీక్షకు వాడే పలచటి తొడుగులు చాలవు, మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరువి కావాలి. కంటికి అద్దాలు, ముందు ఏప్రాను ఉండాలి. ఇవేవీ కొండమీది కోతులు కావు. డాక్టరు తన సూదిని తానే పారేయడానికి డబ్బు కూడా అక్కర్లేదు.

2009లో ఒక సాయంత్రం, నేను జూనియర్‌గా ఉన్న ఇంకో క్లినిక్కులో, సింకు దగ్గర ఉన్న అమ్మాయి వేలికి ప్రోబు దిగింది. నేను వెళ్ళేసరికి వేలు పిండి పసుపు అద్దుతోంది. గాయాన్ని పిండకూడదు, సబ్బుతో ధారగా కడగాలి. లోపలి నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, "ఆ పేషెంటుకి ఏమైనా ఉందా?" అని. ఆ అమ్మాయికి హెపటైటిస్ బి టీకాలు పడ్డాయా అని ఎవరూ అడగలేదు. పడలేదు. మన దేశమంతటా పసిపిల్లల టీకాల్లో అది చేరింది 2011లో. ఆమె తరానికి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని వేయిస్తేనే ఆ టీకా అందేది. టీకా లేనివారికి, ఆ వైరసు ఉన్న రక్తం సూదితో గుచ్చుకుంటే నూటికి ఆరు నుంచి ముప్పై మందికి సోకవచ్చు. హెచ్ఐవీ అయితే వెయ్యికి ముగ్గురికి. మా భయమంతా రెండోదాని గురించే!

నేను ఆమెను ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ట్రేలో ఎవరెవరి పరికరాలు కలిశాయో చెప్పలేం కాబట్టి ముందుజాగ్రత్త మందులు మొదలుపెట్టారు. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మొదలుపెట్టి, 28 రోజులు వాడాలి. టీకా మొదటి మోతాదు కూడా వేశారు. తిరిగొస్తుంటే ఆమె ఒక్కటే అడిగింది. "మేడమ్, ఈ మందులు మీ దగ్గర పెట్టుకుంటారా? ఇంట్లో ఆయన చూస్తే సూది గుచ్చుకుందంటే నమ్మడు."

ఈ మాట ఏ మార్గదర్శకాల పుస్తకంలోనూ లేదు. మగవాడి వేలికి గుచ్చుకుంటే అది పనిలో దెబ్బ. ఆడదాని వేలికి గుచ్చుకుంటే శీలానికి సంజాయిషీ! గాయం కంటే ముందు దాచవలసినది మందు డబ్బా. 28 రోజులూ ఆమె క్లినిక్కులోనే, నా బీరువాలోంచి తీసి మాత్రలు వేసుకుంది. వాంతులు వస్తున్నా ఇంటి దగ్గర వేవిళ్ళేమోనని అనుకోనిచ్చింది. ఆరు నెలల తర్వాత పరీక్షలో కూడా ఏమీ లేదని వచ్చింది. టీకా మూడు మోతాదులూ తన జీతంలోంచే వేయించుకుంది.

ఆ రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాలు హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న జిల్లాల లెక్కలో ఉండేవి. క్లినిక్కుల్లో జాగ్రత్త అంటే రోగిని అనుమానించడం అయింది. చెప్పుకున్నవాళ్ళను వెనక్కి పంపడం, లేదా అందరి తర్వాత రమ్మనడం. అంతకుముందు 1990లో అమెరికాలో, ఫ్లోరిడాలో ఒక దంతవైద్యుని నుంచి రోగికి హెచ్ఐవీ సోకి ఉండవచ్చన్న నివేదిక వచ్చి ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. రోగి వైపు నుంచి, డాక్టరు వైపు నుంచి ఎంతో చర్చ జరిగింది. పరికరాలు కడిగే మనిషి వైపు నుంచి అంత చర్చ నేను వినలేదు. అందరి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడమనే పద్ధతిలో ఉన్న న్యాయం నాకు అక్కడే అర్థమైంది. అది రోగి గుట్టును కాపాడుతుంది, అమ్మాయి వేలినీ కాపాడుతుంది. అనుమానం ఈ రెండింటిలో దేన్నీ కాపాడదు.

2020లో కరోనా వచ్చాక గాలి కూడా ప్రమాదమైంది. కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఫ్లోరైడు నీళ్ళతో గారపట్టిన పళ్ళను సరిచేయించుకోవడానికి పెళ్ళికెదిగిన ఆడపిల్లలు వస్తుంటారు. ఆ పళ్ళను అరగదీసే ఎయిరోటర్ నీళ్ళనూ లాలాజలాన్నీ మంచులా చిమ్ముతుంది. ఆ తుంపర డాక్టరు ముక్కుకూ అమ్మాయి ముక్కుకూ ఒకే దూరంలో ఉంటుంది. అయినా మంచి మాస్కు ముందు ఎవరి ముఖానికి చేరిందో నేను చూశాను. మన ఊళ్ళలో డాక్టరు ముక్కు దాకా వస్తేనే ప్రమాదం ప్రమాదమవుతుంది.

చట్టం లేదని అనలేం. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చిన్న క్లినిక్కుకు కూడా వర్తిస్తాయి. వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించమన్నాయి. ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించి, ప్రమాదాలు రాసి పెట్టమన్నాయి. 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన హెచ్ఐవీ చట్టం రక్షణ సామగ్రి, శిక్షణ, సూది గుచ్చుకుంటే మందు ఇవ్వడం యజమాని బాధ్యత అంది. కానీ ముగ్గురు పనిచేసే క్లినిక్కులో, యజమానే డాక్టరైన చోట, ఆ నియమాన్ని ఆయన ముందు ఎవరు చదివి వినిపిస్తారు? ఆమెకు సంఘం లేదు, నియామక పత్రం లేదు, పనికి పేరే లేదు.

ఇంటి చాకిరీకి లెక్క కట్టమని మనం ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నాం. ఆ చాకిరీ గడప దాటి, తెల్లకోటు తొడుక్కుని, వెనకగదిలో నిలబడితే మనకు ఆనవాలు దొరకడం లేదు. పంటినొప్పితో వెళ్ళినప్పుడు పరికరాలు శుభ్రమేనా అని మనమంతా అడుగుతాం, అడగాలి కూడా. దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా అడుగుదాం. అవి కడిగేదెవరు, ఆమెకు టీకాలు వేయించారా? జవాబు డాక్టరు నుంచి కాదు, ఆమె నోటి నుంచే విందాం. ముందుగా ఆమె పేరు అడుగుదాం.