బీటెక్ ఎక్కడ?

మా తమ్ముడికి ఎంసెట్ కౌన్సెలింగ్ నాటికి కులం సర్టిఫికెట్ చేతికి రాలేదు. బీఎస్సీలో చేరాడు. ఇంజనీరింగ్ సంగతి ఇక అంతే అనుకున్నాం. నేను చదివింది తెలుగు సాహిత్యం, దారి చెప్పడానికి నాకేం తెలుసు?

ఎమ్మెస్సీ మ్యాథ్స్ చివరి ఏడాదిలో వాడే కనుక్కున్నాడు. "అన్నా, గేట్ రాయడానికి బీటెక్కే ఉండాలని లేదు" అన్నాడు. మ్యాథ్స్ చదివినవాళ్లను కంప్యూటర్ సైన్స్ ఎంటెక్‌లోకి కొన్నిచోట్ల తీసుకుంటారు. అన్నిచోట్లా కాదు, ఒక్కో నోటిఫికేషన్‌లో అర్హతలు జాగ్రత్తగా చదువుకోవాల్సిందే. మనకు దరఖాస్తు ఫీజు సగమే. గేట్ స్కోరుతో సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్. అమ్మ ఆ అంకె రెండుసార్లు చెప్పించుకుంది.

సీటొచ్చింది. మొదటి వారమే పక్కవాళ్లు అడిగారట: "బీటెక్ ఎక్కడ?" వాడు నీళ్లు నమిలాడు. వెంటనే, "గేట్ ర్యాంకెంత?" ఈ రెండోది ర్యాంకు కోసం అడిగేది కాదని క్యాంపస్‌లో చదివిన మనకు వేరే చెప్పాలా!

డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అందరూ బీటెక్‌లోనే చదివేసి వచ్చారు. వీడు రాత్రుళ్లు ఎన్‌పీటీఈఎల్ పాఠాలు వింటూ ఆ బాకీ తీర్చాడు. మొదటి సెమిస్టర్లో ఒక పేపరు పోయింది కూడా. అల్గారిథమ్స్ క్లాసులో మాత్రం నిరూపణ అనగానే మిగతావాళ్లు తలలు దించుకుంటే, సార్ వీణ్ణే బోర్డు దగ్గరకు పిలిచేవారట. ఎమ్మెస్సీ అక్కడ అక్కరకొచ్చింది.

మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, బీటెక్ ఎక్కడంటే చెయ్యలేదని చెప్పేస్తున్నా."

"మరి ర్యాంకో?"

"అది ఇంకా చెప్పట్లేదు."