ఛార్జి: ఒక మాట, పలు బరువులు

ఆంగ్ల భాషలో అన్నిటికంటే ఎక్కువ అర్థాలు గల పదమేదని అడిగితే పండితులు ‘సెట్’ అనో ‘రన్’ అనో చెప్పవచ్చు. మన ప్రభుత్వరంగ సంస్థల ప్రాంగణాలలో మాత్రం ఆ గౌరవం ‘ఛార్జి’ అనే పదానికి దక్కాలని మా అభిప్రాయం. విద్యుత్ రంగంలో మూడు దశాబ్దాలు గడిపిన మాకు ఈ మాటపై కొంత మమకారమూ, కొంత భయమూ ఏర్పడ్డాయి.

ఒక ఉద్యోగి జీవితాన్నే తీసుకోండి. బస్సు ఛార్జీలు పెట్టుకొని ఉద్యోగంలో చేరడానికి వస్తాడు. సెక్షన్ ఛార్జి తీసుకుంటాడు. కొన్నాళ్లకు ఇన్‌ఛార్జి అవుతాడు. గ్రహచారం బాగుండకపోతే ఛార్జిషీటు అందుకుంటాడు. అతని పక్షాన ధర్నా జరిగితే లాఠీఛార్జి, ఆసుపత్రి పాలైతే వైద్యం ఛార్జీలు, కోలుకుంటే డిశ్చార్జి! ఈ వరుసలోని అర్థాలకు తెలుగులో కిరాయి, బాధ్యత, అభియోగం, దాడి, రుసుము అని వేర్వేరు మాటలున్నాయి. ఆంగ్లంలోనూ ఫీజు, అక్యూజ్, అటాక్, లోడ్, ఎనర్జైజ్ అనేవన్నీ ఛార్జికి పర్యాయపదాలే. అయితే వీటిలో ఏ రెండూ ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. విచిత్రమంతా ఇక్కడే ఉన్నది.

ఈ శాఖలన్నిటికీ మూలం ఒక బండి. లాటిన్‌లో ‘కార్రుస్’ అంటే బండి. దానినుండి పుట్టిన ‘కార్రికారె’ అంటే బండికి సరుకు ఎత్తడం. అదే ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చి ‘ఛార్జి’ అయింది. కారు, కార్గో, ఆఖరుకు వ్యంగ్యచిత్రమనే అర్థంలో వాడే క్యారికేచర్ కూడా ఈ బండికి బంధువులే. మనిషి మీద బాధ్యత మోపితే ఒక ఛార్జి, నేరం మోపితే మరొకటి, ఖర్చు మోపితే ఇంకొకటి. మొదటి అర్థం చెక్కుచెదరకుండా చూడదలచినవారు ఉక్కు కర్మాగారానికి వెళ్లాలి. బ్లాస్ట్ ఫర్నేసు నోటిలో కోకు, సింటరు, ఇనుప ఖనిజం పోయడాన్ని అక్కడ నేటికీ ఛార్జింగ్ అనే అంటారు.

తుపాకీలో మందు దట్టించడమూ ఛార్జే. 18వ శతాబ్దిలో లైడెన్ జాడీలతో ప్రయోగాలు చేసిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ వంటివారు ఆ మాటను విద్యుత్తుకూ వాడుకున్నారు. ఆ జాడీల వరుసకు పెట్టిన ‘బ్యాటరీ’ అనే పేరు సైతం ఫిరంగుల వరుసనుండి వచ్చినదే. మన పాఠ్యపుస్తకాలు దీనిని ‘ఆవేశం’ అన్నాయి. దేవత పూనినా ఆవేశమే, కోపం వచ్చినా ఆవేశమే, ఎలక్ట్రాన్‌కు ఉన్నదీ ఆవేశమే. నానార్థాల విషయంలో మనమూ తక్కువ తినలేదు!

పైగా ఈ పదం తెలుగు క్రియతో కలిసినప్పుడు చిక్కు రెట్టింపవుతుంది. ‘ఫోను ఛార్జింగ్ అయిపోయింది’ అని ఇంట్లో పిల్లలంటే, పూర్తిగా నిండినదనా, పూర్తిగా ఖాళీ అయినదనా? రెండర్థాలూ చెల్లుతాయి. ఇంట్లో అయితే ఫోను చూసి తెలుసుకోవచ్చు. సబ్‌స్టేషన్లో ఆ సావకాశం అన్నివేళలా ఉండదు.

మేము ఎరిగిన ఒక సబ్‌స్టేషన్లో షిఫ్టు మారే వేళ జరిగిన సంగతి ఇది. లైను మీద నలుగురు పనివారు ఉన్నారు. వారికోసం రెండు చివరలా లైను విడదీసి, ఎర్త్ చేసి, ఎల్.సి. ఇచ్చి ఉన్నది. ఇటువైపు ఇంజనీరు ఫోనులో అవతలి సబ్‌స్టేషన్‌కు ‘మావైపు ఛార్జి ఇచ్చేశామండీ’ అన్నారు. షిఫ్టు అప్పగించామని ఆయన భావం. అవతలి ఆపరేటరు, లైనుకు విద్యుత్తు ఇచ్చేశారని అనుకున్నాడు. ఇక తనవైపు ఎర్త్ స్విచ్ తెరచి, బ్రేకరు వేయడమే తరువాయి అని లేచాడు. లేచినవాడు అలవాటు కొద్దీ రిజిస్టరు తెరిచాడు. ఎల్.సి. తిరిగి అప్పగించినట్లు సంతకం లేదు. మళ్లీ ఫోను చేశాడు. ఆ నలుగురూ సాయంత్రం భోజనాల క్యారియర్లతో క్షేమంగా తిరిగి వచ్చారు. ఏమి తప్పిపోయిందో వారిలో ఒకరికీ తెలియదు.

మాట పొరపాటుకు మూల్యం చెల్లించిన చరిత్ర కూడా ఉన్నది. 1854 అక్టోబరు 25న క్రిమియా యుద్ధంలో బాలక్లావా వద్ద బ్రిటిషు అశ్వికదళం చేసిన ఛార్జి జగత్ప్రసిద్ధం. ఎత్తుమీదనుండి సేనాని రాగ్లన్ పంపిన ఉత్తరువు ఉద్దేశించిన ఫిరంగులు వేరు. లోయలో నిలిచిన దళనాయకులకు కనిపించిన ఫిరంగులు వేరు. సుమారు 670 మంది రౌతులు తప్పుడు ఫిరంగుల మీదికి దూసుకుపోయారు. నూరుమందికి పైగా మరణించారు. ఆ ఉత్తరువును తిరిగి చదివించుకొని, ఏ ఫిరంగులో నిర్ధారించుకొనే పద్ధతి ఉండి ఉంటే ఎట్లుండేదో! నేటి కంట్రోలు రూములలో చెప్పిన సందేశాన్ని విన్నవారు తిరిగి పలకడం, లైను పేరూ సంఖ్యా విడిగా చెప్పడం అనవసరపు తంతుగా భావించే యువ మిత్రులకు ఈ ఉదంతం వినిపిస్తుంటాము.

పాత లైన్‌మెన్ ‘ఛార్జి’ అనరు. ‘కరెంటు వదిలారా?’ అంటారు. దానికి రెండర్థాలు లేవు. 1956 నాటి భారత విద్యుత్ నియమాలు ప్రమాద సూచిక బోర్డు మీద స్థానిక భాష ఉండాలనీ, పుర్రె, ఎముకల గుర్తు కూడా ఉండాలనీ విధించాయి. చదువురాని వానికి సైతం ఆ పుర్రె అర్థమవుతుంది.

మరొక ఇబ్బంది ఉన్నది. విద్యుత్తు తీసివేసిన లైను కూడా ఆవేశం లేనిదని నమ్మడానికి వీలు లేదు. పొడవైన లైను భూమితో కలిసి ఒక పెద్ద కెపాసిటరువలె పనిచేస్తుంది. 400 కిలోవోల్టుల లైనయితే కిలోమీటరుకు సుమారు అర మెగావార్ చొప్పున ఛార్జింగ్ శక్తి ఉంటుంది. బ్రేకరు తెరిచిన పిమ్మట కొంత ఆవేశం అందులోనే చిక్కుకొని ఉండవచ్చు. పక్కన మరొక లైను నడుస్తుంటే దాని ప్రేరణ వేరు. కనుకనే రిజిస్టరులో ఏమి వ్రాసి ఉన్నా, పనివాడు ముందుగా డిశ్చార్జి రాడ్డు తగిలించనిదే తీగ ముట్టడు.

కొన్నేళ్ల క్రితం మేము ఒకచోటి నుండి బదిలీ అయినపుడు ఛార్జి అప్పగింత జరిగింది. తాళాలు, రిజిస్టర్లు, పనిముట్లు వరుసగా లెక్క చూసుకుంటున్న కొత్త ఇంజనీరు ఎర్తింగ్ రాడ్ల వద్ద ఆగిపోయారు. జాబితాలో పన్నెండు ఉన్నవి; గోడకు పదకొండే వేలాడుతున్నవి. పన్నెండవది లైను మీద ఉన్నదని ఎల్.సి. రిజిస్టరు చూపాము. ఆ లైను పేరూ, పనివారి సంఖ్యా తన చేతితో వ్రాసుకొన్న తరువాతనే ఆయన ‘అపరాహ్నం ఛార్జి స్వీకరించితిని’ అని సంతకం చేశారు.